పాత జిప్సీలో 60 దగ్గర వణుకు: క్రాసులు మార్చేముందు కోణం కొలవాలి

తమ్ముడూ, నువ్వు రాసింది జాగ్రత్తగా చదివాను. ఇదే బాధ పడుతున్న మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు నీ సంగతి క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. బండి 2004 మారుతి జిప్సీ కింగ్, ఫోర్-వీల్ బండి. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటకు తిరుగుతుంది. వెనక కట్టలు (కమాన్ పట్టీలు) కుంగిపోయాయని కొత్తవి వేయించావు, ఎత్తు కూడా కావాలని పొడుగు షాకిళ్లు (కట్ట చివరను ఛాసిస్‌కు వేలాడదీసే ఇనుప పట్టీలు) పెట్టించావు. అప్పటినుంచి 55కీ 70కీ మధ్య సీటు కింద, ఫ్లోర్‌లో సన్నటి వణుకు. 80 దాటితే తగ్గిపోతుంది. ఎక్సలేటర్ తొక్కితే పెరుగుతుంది, కాలు తీస్తే సగానికి పడిపోతుంది. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. ఒక షెడ్డులో నాలుగు చక్రాలకూ బ్యాలెన్సింగ్ చేశారు, ఇంకో షెడ్డులో వెనక షాఫ్ట్ (ఇంజన్ శక్తిని వెనక ఇరుసుకు చేర్చే గొట్టం) చివర్లలో ఉండే క్రాసులు, అంటే మడత జాయింట్లు, రెండూ మార్చారు. వణుకు పోలేదు. చివర్లో ఒక మాట రాశావు: సీజన్లో తోతాపురి క్రేట్లు వెనక నింపుకొని గుజ్జు ఫ్యాక్టరీకి పోయేటప్పుడు వణుకు దాదాపు ఉండదని.

నువ్వు ఇచ్చిన వివరాలన్నిట్లో నాకు ఆ చివరిమాటే ముఖ్యం. టైరు బ్యాలెన్స్ తప్పినా, షాఫ్ట్ వంగినా, వెనక నాలుగు క్రేట్లు పెట్టినంత మాత్రాన వణుకు పోదు. బరువు వేస్తే ముఖ్యంగా మారేది బండి వెనక ఎత్తు. ఎత్తు మారితే షాఫ్ట్ వాలు మారుతుంది. కాబట్టి నా అనుమానమంతా కోణం మీదే. పొడుగు షాకిళ్ల వల్ల వెనక హౌసింగ్ (ఇరుసు పెట్టె) ముక్కు, అంటే షాఫ్ట్ వచ్చి కలిసే చోటు, పైకి లేచింది, షాఫ్ట్ రెండు చివర్లలో కోణాలు ఒకదానికొకటి సరిపోవడం లేదు. అదే నిజమైతే ఎన్ని కొత్త క్రాసులు వేసినా లాభం లేదు. పైగా అవి తొందరగా అరిగిపోతాయి.

అయినా అనుమానం మీద పని మొదలుపెట్టొద్దు. ఇరవై ఏళ్లు దాటిన బండిలో రెండు జబ్బులు కలిసి ఉండడం మామూలే. ఒక్కోదాన్నీ పరీక్ష పెట్టి పక్కకు తీసేయాలి. దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఫోను, సుద్దముక్క, జాకీ, రెండు స్టాండ్లు, చక్రాలకు అడ్డంపెట్టే రాళ్లు చాలు.

అన్నిటికంటే ముందు బండిని కిందినుంచి కడుగు. ఇది చిన్న విషయమని వదిలేయొద్దు. మన తోటల్లో వాన పడ్డాక తిరిగితే మట్టి రిమ్ము లోపలివైపు అతుక్కొని ఎండిపోతుంది. పిడికెడు మట్టి ఒకే పక్క ఉంటే చాలు, చక్రం బ్యాలెన్స్ పూర్తిగా పోతుంది. షాఫ్ట్ గొట్టం మీద తారు, మట్టి పేరుకున్నా అంతే. రిమ్ములు లోపలినుంచి తోమి, షాఫ్ట్ తుడిచి, అప్పుడు దాని మీద నొక్కు పడిందేమో చూడు. వంకల్లో, ఏటి రాళ్లలో తిరిగే బండికి షాఫ్ట్ రాతికి తగలడం కొత్తేమీ కాదు. గొట్టం మీద అతికించిన చిన్న బ్యాలెన్స్ బిళ్ల ఊడిపోయి, వెల్డింగ్ మచ్చ మాత్రమే మిగిలిందేమో కూడా చూడు.

ఇక లెక్క. బండిలో తిరిగే ప్రతి భాగానికీ తన వేగం తనది. వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తుందో తెలిస్తే ఏ భాగం కొడుతుందో సగం తెలిసినట్టే. నీ టైరు 205/70 ఆర్15 అయితే చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు, అంటే చక్రం సెకనుకు దాదాపు 8 చుట్లు. క్రౌన్ పినియన్ (ఇరుసు లోపల షాఫ్ట్ తిప్పే పళ్ల చక్రాల జత) నిష్పత్తి నాలుగుకు కొంచెం తక్కువ అనుకుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ఆ వెనక షాఫ్టే, సెకనుకు 30 చుట్లు తిరుగుతుంది. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక షాఫ్టులకు పంచే పెట్టె) గేర్ బాక్సుకు అంటుకొని ఉండదు, విడిగా వేలాడుతుంది. రెంటికీ మధ్య ఒక పొట్టి షాఫ్ట్ ఉంటుంది. ఈ ట్రాన్స్‌ఫర్ కేసు హైలో (మామూలు రోడ్డు గేరులో) కూడా వేగాన్ని 1.4 రెట్లు తగ్గిస్తుంది కాబట్టి ఆ పొట్టి షాఫ్ట్ అదే 60 దగ్గర సెకనుకు 42 చుట్ల దాకా తిరుగుతుంది. చాలామంది షెడ్లలో ఆ పొట్టి షాఫ్ట్‌ను మర్చేపోతారు.

నీ బండి నిష్పత్తి కచ్చితంగా తెలుసుకోవాలంటే పుస్తకం కూడా అక్కర్లేదు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, బండి న్యూట్రల్‌లో ఉంచి, వెనక ఒక్క చక్రాన్ని మాత్రమే లేపు. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు. షాఫ్ట్ మీద సుద్దగీత ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి.

సెకనుకు 8 సార్లు వచ్చేది చక్రం వణుకు. అది బండిని ఊపుతుంది. ముందు చక్రమైతే స్టీరింగ్ ఆడుతుంది, వెనకదైతే సీటు ఊగుతుంది, దాదాపు లెక్కపెట్టగలిగేలా ఉంటుంది. సెకనుకు 30 సార్లు వచ్చేది షాఫ్ట్ బ్యాలెన్స్ లోపం. ఫ్లోర్ జుమ్మంటుంది, అద్దంలో వెనక బండి మసగ్గా కనబడుతుంది. సెకనుకు 60 సార్లు వచ్చేది కోణం లోపం. ఎందుకంటే క్రాస్ జాయింట్ కోణంలో తిరిగేటప్పుడు ఒక్క చుట్టుకు రెండుసార్లు కొడుతుంది. అది వణుకు కంటే ఎక్కువగా హోరులా, చెవుల్లో బరువులా అనిపిస్తుంది. నువ్వు రాసిన ‘సన్నటి వణుకు’ అనే మాట దీనికి దగ్గరగా ఉంది.

ఫోన్లో వణుకును కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి. గేర్ లివర్ దగ్గర ఫ్లోర్ మీద ఫోనును రెండువైపుల టేపుతో గట్టిగా అంటించి, పక్కన కూర్చున్నవాళ్లను చూడమని చెప్పు. ఒక్క జాగ్రత్త: కొన్ని ఫోన్లు సెకనుకు 100 సార్లే కొలుస్తాయి. అలాంటి ఫోను 50 పైన ఉన్నదాన్ని సరిగ్గా చూపలేదు, 60ని 40 అని చూపిస్తుంది. అది చూసి పొట్టి షాఫ్ట్ అనుకుని దాన్ని విప్పేస్తావు. యాప్ సెట్టింగుల్లో కొలిచే వేగం 200 అయినా ఉందేమో ముందే చూసుకో. బండి వేగానికి కూడా మీటర్ని నమ్మొద్దు, ఫోన్లో జీపీఎస్ వేగమే తీసుకో. టైరు సైజు మారిన బండ్లలో మీటరు ఎప్పుడూ నిజం చెప్పదు.

రోడ్డు పరీక్షకు పూతలపట్టు నుంచి తిరుపతి వైపు పోయే హైవే బాగుంటుంది. వేకువన, ట్రాఫిక్ లేనప్పుడు, చదునుగా తిన్నగా ఉన్న ముక్క చూసుకో. పక్కన రాసుకోవడానికి ఒకరుండాలి. బండి నడుపుతూ నువ్వే ఫోను చూడొద్దు.

మొదట వణుకు బాగా ఉన్న వేగం పట్టుకో, 62 అనుకుందాం. ఐదో గేర్లో 62, మళ్లా నాలుగులో అదే 62, మళ్లా మూడులో అదే 62. మూడింట్లోనూ వణుకు ఒకేలా ఉంటే అది ఇంజన్‌కు సంబంధించింది కాదు, గేర్ బాక్స్ తర్వాతిదే. గేర్ మార్చగానే వణుకు వేరే వేగానికి జరిగిపోతే ఇంజన్, క్లచ్, మౌంటింగ్ రబ్బర్ల వైపు చూడాలి. అలాంటప్పుడు బండి నిలబెట్టి న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎంకు రేజ్ చేసినా వణుకు కనబడాలి.

రెండోది, 75 దాకా పోయి న్యూట్రల్‌లో వేసి, బండిని దానంతటదే 50కి దిగనివ్వడం. ఇంజన్ ఆపొద్దు, ఆపితే బ్రేక్ బూస్టర్ పనిచేయదు. ఇది చదును రోడ్డు మీద మాత్రమే. మొగిలి ఘాట్లో, భాకరాపేట ఘాట్లో, తిరుమల దిగే దారిలో న్యూట్రల్ మాటే తలవొద్దు. న్యూట్రల్‌లోనూ వణుకు అంతే ఉంటే టైరో, రిమ్మో, వంగిన షాఫ్టో, షాఫ్ట్ బ్యాలెన్సో అయి ఉంటుంది. ఎక్సలేటర్ తొక్కినప్పుడు మాత్రమే ఉంటే కోణం, మౌంటింగ్ రబ్బర్లు. కాలు తీసినప్పుడు మాత్రమే ఉంటే పినియన్ బేరింగుల మీద అనుమానపడాలి. నీది తొక్కితే పెరిగి, వదిలితే తగ్గే రకం. కమాన్ కట్టల బండిలో ఎక్సలేటర్ తొక్కగానే హౌసింగ్ ముక్కు ఇంకాస్త పైకి లేస్తుంది, కట్టలు మెలితిరుగుతాయి. ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

తిరుపతివాళ్లు కొందరు ‘కొండకు పోయొచ్చాను, బండి బాగుంది’ అంటారు. తిరుమల ఘాట్లలో, 1944లో తెరిచిన పాత రోడ్డైనా 1974 నాటి రెండో రోడ్డైనా, అంత వేగంగా పోకూడదు, పోలేం కూడా. 60 దగ్గర వచ్చే వణుకు అక్కడ కనబడదు. కాకపోతే మూడో గేర్లో బరువుతో ఎక్కేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బర్లు చిరిగి ఉంటే ఆ మెలికకు కేసు పక్కకు తిరిగి గడగడమంటుంది. ఆ ఒక్కటి కొండ మీద బాగా తెలుస్తుంది.

ఇప్పుడు జిప్సీలో చేయగలిగిన ఒక మంచి పరీక్ష చెబుతాను. దీన్ని షెడ్లలో చేయగా చూడడం అరుదు. బండిని చదును నేల మీద నిలబెట్టి, నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టు. ట్రాన్స్‌ఫర్ లివర్‌ను న్యూట్రల్‌లో వెయ్యి. ఇప్పుడు గేరు వేసినా చక్రాలకు శక్తి పోదు, అందుకే రాళ్లు తప్పనిసరి: గేర్లో ఉన్నా బండి దొర్లిపోతుంది. గేర్ బాక్సును నాలుగులో వేసి క్లచ్ వదులు. నాలుగో గేరు నేరు గేరు (1:1) కాబట్టి పొట్టి షాఫ్ట్ ఇంజన్ వేగంతోనే తిరుగుతుంది. మెల్లగా 2500 ఆర్‌పీఎం దాకా తీసుకుపో. అది రోడ్డు మీద 60 దగ్గర పొట్టి షాఫ్ట్ తిరిగే వేగమే. వణుకు ఎంతుందో చూసుకుని, క్లచ్ తొక్కి గేర్ బాక్సును న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి మళ్లా అదే 2500. రెండుసార్లూ ఒకేలా ఉంటే పొట్టి షాఫ్ట్‌కు సంబంధం లేదు. గేర్లో ఉన్నప్పుడే ఎక్కువగా ఉంటే పొట్టి షాఫ్ట్ విప్పి చూడాలి. బరువు లేకుండా చేసే పరీక్ష కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బర్ల లోపం ఇందులో బయటపడదు. వాటిని కిందికి దూరి కళ్లతోనే చూడాలి. రబ్బరు ఇనుపముక్కనుంచి విడిపోయిందా, నూనె తగిలి మెత్తబడిందా, కేసును కడ్డీతో ఎత్తితే ఒకవైపు ఎక్కువగా లేస్తుందా అని చూడు. మూడు రబ్బర్లలో ఒకటి పోయినా మూడూ కలిపి మార్చడమే మంచిది.

ఇక ముందు చక్రాలకు పోయే షాఫ్ట్ సంగతి. నీ బండి ముందు చక్రాలకు హబ్ లాకులు (చక్రాన్ని ఇరుసుకు కలిపే, విడదీసే తాళాలు) ఉంటే అవి విప్పి ఉన్నాయో లేదో చూడు. లాకులు వేసి ఉంటే టూ-హైలో (వెనక చక్రాలకే శక్తి పోయే స్థితిలో) కూడా ముందు చక్రాలు ముందు షాఫ్ట్‌ను తిప్పుతూనే ఉంటాయి. తోటలో వాడి, లాకులు విప్పడం మర్చిపోయి హైవే ఎక్కేవాళ్లు చాలామంది. అనుమానం పూర్తిగా తీరాలంటే ముందు షాఫ్ట్ విప్పి పక్కన పెట్టి తిరిగి చూడు. విప్పేముందు రెండు చివర్లలోనూ ఫ్లాంజ్‌కీ (షాఫ్ట్ బోల్టులతో బిగించే బిళ్ల) షాఫ్ట్‌కీ కలిపి పెయింటుతో గుర్తు పెట్టు. తర్వాత దీన్ని బిగించి, వెనక షాఫ్ట్ విప్పి, హబ్ లాకులు వేసి, ఫోర్-హైలో ముందు చక్రాల లాగుడు మీదే కొంతదూరం మెల్లగా 60 దాకా పోయి చూడు. వణుకు మాయమైతే దోషం వెనక షాఫ్ట్‌లోనో పినియన్‌లోనో ఉన్నట్టు ఖాయం. ఆ స్థితిలో గట్టిగా గుంజొద్దు, బరువంతా ముందు ఇరుసుల మీదే పడుతుంది. ఆపినప్పుడు చక్రానికి రాయి పెట్టడం మర్చిపోవద్దు.

వెనక షాఫ్ట్ చేతిలో ఉన్నప్పుడే కొత్తగా వేసిన క్రాసులను పరీక్షించు. ప్రతి జాయింట్‌నూ రెండువైపులా మెల్లగా ఆడించు. నూనెలో కదిలినట్టు నున్నగా పోవాలి. మధ్యలో ఎక్కడైనా ఆగినట్టు, గంటు తగిలినట్టు అనిపిస్తే అది పనికిరాదు. క్రాస్ దింపేటప్పుడు కప్పు లోపల ఒక బేరింగు సూది అడ్డంగా పడిపోతే కప్పు పూర్తిగా దిగదు, సర్క్లిప్ (కప్పును ఆపే రింగు) తన గాడిలో కూర్చోదు, షాఫ్ట్ మధ్యగీత పక్కకు జరుగుతుంది. సుత్తితో మరీ బలంగా కొట్టి దింపితే యోక్ (క్రాస్‌ను పట్టుకునే చీలిక) చెవులు లోపలికి వంగి జాయింట్ బిగుసుకుపోతుంది. సర్క్లిప్పులు నాలుగూ సమంగా కూర్చున్నాయో లేదో చూడు. గ్రీజు నిపుల్ ఉంటే నాలుగు కప్పులనుంచీ గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మూడింట్లోనుంచి వచ్చి ఒకదాంట్లోనుంచి రాకపోతే ఆ ఒక్కటే ముందు ఎండిపోతుంది. కప్పు పక్కన తుప్పురంగు పొడి కనబడితే లోపల గ్రీజు లేనట్టే. కార్తీకంలో వంకలు పొంగినప్పుడు నీళ్లలో దిగి వచ్చిన ప్రతిసారీ గ్రీజు గన్ తీయడం అలవాటు చేసుకో.

ఇంకొకటి, షెడ్డులో స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడుగు మారేలా పళ్ల మీద జారే భాగం) లాగి, మళ్లా పళ్లు తప్పించి పెట్టారేమో చూడు. షాఫ్ట్‌ను నేలమీద పెడితే గొట్టానికున్న రెండు చివరి యోక్‌లూ ఒకే తలంలో ఉండాలి. ఒక్క పన్ను తప్పినా రెండు జాయింట్లూ ఒకదాని కొట్టుడును ఇంకొకటి సరిచేయలేవు. బాణం గుర్తులు ఉంటే ఎదురెదురుగా రావాలి. పళ్ల దగ్గర పైకీ కిందికీ ఆడితే, లేదా బండి ఎత్తు పెరగడంతో షాఫ్ట్ బయటికి లాక్కుపోయి పళ్ల పట్టు తగ్గిపోయి ఉంటే, అదీ వణుకుకు కారణమే.

పినియన్ ఫ్లాంజ్‌ను చేత్తో పట్టి చూడు. చుట్టూ తిప్పితే కొంచెం ఆట ఉండడం మామూలే, అది క్రౌన్ పినియన్ పళ్ల మధ్య ఖాళీ. కానీ పైకీ కిందికీ, లోపలికీ బయటికీ ఏమాత్రం ఆడకూడదు. ఆడితే బేరింగ్ పోయింది, ముందు అదే చేయించాలి. అక్కడ ఆయిల్ సీల్ కారుతోందని నట్టు విప్పి, ఇష్టమొచ్చినట్టు బిగించేవాళ్లున్నారు. ఆ నట్టు బిగింపు మీదే పినియన్ బేరింగుల లోడు ఆధారపడి ఉంటుంది. విప్పేముందు గుర్తు పెట్టి, తిప్పే బరువు కొలిచి, మళ్లా అదే లెక్కకు తేవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

క్రాస్ జాయింట్ కోణంలో తిరిగితే, ఇటువైపు షాఫ్ట్ ఒకే వేగంతో తిరిగినా అటువైపు షాఫ్ట్ చుట్టుకు రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. కోణం 5 డిగ్రీలైతే ఈ తేడా నూటికి 0.4, 10 డిగ్రీలైతే 1.5. కోణం రెట్టింపైతే తేడా నాలుగు రెట్లవుతుంది. అందుకే షాఫ్ట్ రెండో చివర కూడా అంతే కోణంతో ఇంకో జాయింట్ పెడతారు. మొదటిది పెంచినదాన్ని రెండోది తగ్గిస్తుంది, పినియన్‌కు సమమైన వేగం చేరుతుంది. ఇది జరగాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఫ్లాంజ్, పినియన్ ఫ్లాంజ్ రెండూ సమాంతరంగా ఉండాలి. షాఫ్ట్ కొంత వాలినా పర్వాలేదు, చివర్లు సమాంతరం తప్పకూడదు.

నీ బండిలో కట్టకు ముందు చివర కదలదు, వెనక చివర షాకిల్‌కు వేలాడుతుంది. షాకిల్ పొడుగైతే కట్ట వెనక చివర కిందికి దిగుతుంది, దాంతో హౌసింగ్ తిరిగి ముక్కు పైకి లేస్తుంది. లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం. షాఫ్ట్ వాలు 9 డిగ్రీలు, ముక్కు 4 డిగ్రీలు పైకి లేచిందనుకో. ముందు జాయింట్ కోణం 9, వెనకది 5. వర్గాల తేడా 81లోనుంచి 25 తీస్తే 56. ఇప్పుడు వెనక క్రేట్లు నింపావు, బండి కుంగి షాఫ్ట్ వాలు 5కి తగ్గింది. ముక్కు మాత్రం దాదాపు అలానే ఉంది. ముందు కోణం 5, వెనకది 1. 25లోనుంచి 1 తీస్తే 24. కొట్టుడు సగానికి పైగా తగ్గిపోయింది. ఈ అంకెలు నీ బండివి కావు, కానీ నువ్వు చెప్పిన లక్షణం ఎందుకొస్తుందో ఇది చెబుతుంది. టైరో బ్యాలెన్సో అయితే ఇలా జరగదు. 80 దాటాక తగ్గడం కూడా దీనికి కలుస్తుంది. సెకనుకు 60 చొప్పున వచ్చే కొట్టుడు బండిలో ఏదో ఒక భాగం సహజంగా ఊగే వేగంతో కలిసినప్పుడు గట్టిగా వినబడుతుంది, దాటిపోగానే తగ్గుతుంది. బ్యాలెన్స్ లోపం మామూలుగా వేగంతో పాటు పెరుగుతూనే పోతుంది.

ఇక కొలవడం. బండి నాలుగు చక్రాల మీదే నిలబడి ఉండాలి. ఛాసిస్ కింద స్టాండు పెట్టి హౌసింగ్ వేలాడుతుండగా కొలిస్తే అన్ని అంకెలూ తప్పే. అద్దంలాంటి నేల కూడా అక్కర్లేదు, మనకు కావలసింది కోణాల మధ్య తేడాలే. ఫోన్లో వాలు కొలిచే యాప్ చాలు, అయస్కాంతం ఉన్న కోణమాపకం దొరికితే ఇంకా మంచిది. షాఫ్ట్ బిగించి ఉండగానే గొట్టం మీద ఒకటి, తర్వాత షాఫ్ట్ విప్పి ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజ్ ముఖం మీద ఒకటి, పినియన్ ఫ్లాంజ్ ముఖం మీద ఒకటి, మూడు కొలతలు తీసుకో. ఫ్లాంజ్ ముఖం తన షాఫ్ట్‌కు నిలువుగా ఉంటుంది కాబట్టి ఆ 90 డిగ్రీలు తీసేసి రాసుకో. ఖాళీ బండితో ఒకసారి, వెనక అలవాటైన బరువుతో ఇంకోసారి కొలువు. ప్రతిసారీ ఫోను అదే దిక్కుకు తిప్పి పెట్టు, లేకపోతే పైకి, కిందికి తారుమారవుతాయి.

రెండు ఫ్లాంజ్‌ల మధ్య తేడా ఒక డిగ్రీ లోపల ఉంటే కోణం మీద అనుమానం వదిలెయ్. కట్టల బండిలో ముక్కు ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉన్నా మంచిదే, ఎక్సలేటర్ తొక్కినప్పుడు లేచి సమాంతరానికి వస్తుంది. ముక్కు రెండు మూడు డిగ్రీలు పైకి ఉందంటే మనం వెతుకుతున్నది దొరికినట్టే.

సరిచేయడానికి దారులు రెండు. నేను చెప్పేది మొదటిదే: పాత కొలత షాకిళ్లు మళ్లా వేయించు. కొత్త కట్టలు వేశావు కాబట్టి బండి ఎలాగూ అసలు ఎత్తుకు వస్తుంది, తోటలో తిరగడానికి అది సరిపోతుంది. ముందు కూడా పొడుగు షాకిళ్లు వేసి ఉంటే వాటినీ తీసెయ్. జిప్సీ ముందు కట్టలకు షాకిల్ ముందువైపు ఉంటుంది. అది పొడుగైతే కాస్టర్ కోణం (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) తగ్గి, హైవేలో స్టీరింగ్ నిలకడ పోతుంది. ఎత్తు ఎంత ముఖ్యమైనా అది మాత్రం ప్రమాదం.

ఎత్తు ఉంచుకోవాల్సిందే అంటే, కట్టకూ హౌసింగ్‌కూ మధ్య ఉక్కు వెడ్జ్ (ఒకవైపు మందంగా, ఇంకోవైపు సన్నంగా ఉండే ముక్క) పెట్టించాలి. ఎన్ని డిగ్రీలది కావాలో నీ కొలతే చెబుతుంది, అందాజుగా తీసుకోవద్దు. జిప్సీలో కట్ట కింద, హౌసింగ్ పైన ఉంటుంది కాబట్టి వెడ్జ్ మందపు వైపు బండి వెనక్కి రావాలి, అప్పుడే ముక్కు కిందికి దిగుతుంది. కట్టలు పైకి మార్పించుకున్న బండ్లలో ఇది తిరగబడుతుంది. తిప్పిపెడితే రోగం రెట్టింపవుతుంది. సెంటర్ బోల్ట్ తల వెడ్జ్ దాటి హౌసింగ్ రంధ్రంలో కూర్చునేంత పొడుగు ఉండాలి, యు బోల్టులు కొత్తవి వేయాలి. ట్రాన్స్‌ఫర్ కేసును వాషర్లు పెట్టి కిందికి దింపుతామని కొందరు చెబుతారు. కేసు గేర్ బాక్సుకే అతుక్కొని ఉన్న బండ్లలో అది వేరే సంగతి. జిప్సీలో అది చేస్తే పొట్టి షాఫ్ట్ కోణం చెడుతుంది, వెనక పోయిన జబ్బు ముందుకొస్తుంది. వద్దు.

కోణం సరిగ్గానే ఉండి, ఫోన్లో సెకనుకు 30 దగ్గర శిఖరం కనబడితే అది బ్యాలెన్స్. అప్పుడు షాఫ్ట్‌ను పినియన్ ఫ్లాంజ్ దగ్గర సగం చుట్టు తిప్పి బిగించి చూడు. వణుకు గుర్తించేలా మారితే ఫ్లాంజ్ వంకర, షాఫ్ట్ వంకర ఒకదానికొకటి కలుస్తున్నట్టు. షాఫ్ట్ మధ్యలో డయల్ గేజ్ పెట్టి తిప్పితే అర మిల్లీమీటరు లోపల ఉండాలి. అంతకంటే ఎక్కువుంటే లేత్ దగ్గర కొట్టి సరిచేయడం కాదు, గొట్టం మార్పించి, తిప్పి బ్యాలెన్స్ చేసే మిషన్ ఉన్నచోటికి పంపాలి. మన దగ్గర దొరక్కపోతే చెన్నై దూరమేమీ కాదు. ఆ లోపల పరీక్షకు రెండు హోస్ క్లిప్పులు షాఫ్ట్ చివర బిగించి, వాటి స్క్రూ తలలను చుట్టూ జరుపుతూ ఏ స్థానంలో వణుకు తగ్గుతుందో చూడొచ్చు. అది బ్యాలెన్స్ లోపమే అని తేల్చుకోవడానికి మంచి పద్ధతి, శాశ్వత వైద్యం కాదు.

టైర్లను కూడా పూర్తిగా నమ్మొద్దు. బ్యాలెన్సింగ్ మిషన్ బరువు తేడా చెబుతుంది కానీ, టైరు గుండ్రంగా ఉందో లేదో చాలా మిషన్లు చెప్పవు. చక్రం లేపి, పక్కన ఇటుక పెట్టి, దానిమీద సుద్దముక్క టైరుకు ఆనీ ఆననట్టు ఉంచి తిప్పు. ఒకే చోట గీత పడితే అక్కడ టైరు ఉబ్బింది, లేదా రిమ్ము వంగింది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. అరగకపోయినా పాతబడిన టైరు లోపల పొరలు విడిపోతాయి.

ఇది చదివే పాత మహీంద్రా జీపులవాళ్లకు రెండు మాటలు. మీ బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ బాక్సుకే అతుక్కొని ఉంటే పొట్టి షాఫ్ట్ పరీక్ష వర్తించదు, మిగతావన్నీ వర్తిస్తాయి. కేసు వెనక హ్యాండ్ బ్రేక్ డ్రమ్ ఉన్న బండైతే ఆ డ్రమ్ కూడా షాఫ్ట్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి దాని వంకర, దాని బోల్టులు చూడండి. గుంత తగలగానే స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా రెండువైపులా కొట్టుకునే రకం వేరే జబ్బు. అది కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ చివర్లు, కాస్టర్‌కు సంబంధించింది, షాఫ్ట్‌ను విప్పొద్దు. ఫోర్-వీల్ వేసి తారు రోడ్డు మీద బిగుతు మలుపు తిప్పితే బండి గుంజి గుంజి కదలడం దోషమే కాదు. ఈ బండ్లలో ముందు వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు, మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోవాలి, ఆ తేడా జారడానికి మట్టి కావాలి. అందుకే తారు మీద ఫోర్-వీల్ వేయొద్దు, ముందొక సైజు వెనకొక సైజు టైర్లు అసలే వద్దు.

తమ్ముడూ, నీ పనికి వరస ఇలా పెట్టుకో. కడిగి, హబ్ లాకులు చూసి, రోడ్డు మీద గేర్ల పరీక్ష, న్యూట్రల్ పరీక్ష చేసి, ఆ తర్వాతే కోణాలు కొలువు. వెడ్జో షాకిలో మార్చాక కొన్ని వందల కిలోమీటర్లకు యు బోల్టులు మళ్లా బిగించాలి, కొత్తవి కచ్చితంగా సడలుతాయి. ఎత్తు ఉంచుకుంటే వెనక బ్రేక్ హోస్ పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుపోతుందేమో కూడా చూడు. ఖాళీగా మూడు, బరువుతో మూడు, మొత్తం ఆరు కొలతలు, ఫోన్లో కనబడిన అంకె, అప్పటి జీపీఎస్ వేగం ఇక్కడ రాయి. వెడ్జ్ ఎన్ని డిగ్రీలది కావాలో అవి చూసి చెబుతాను. అంతవరకూ ఇంకే పార్టూ కొనొద్దు.